తారు మలాము వాసన

మా మేనత్త నన్ను ఏ మాటతో పొడవాలన్నా ముందు "ఏమనుకోకు బిడ్డా" అనేది. నా మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేచి పొట్టు రాలడం మొదలయ్యాక ఆ మాట మరీ ఎక్కువైంది. "ఏమనుకోకు బిడ్డా, గిది అంటుకుంటది" అంటూ ఛత్రినాకలోని తన ఇంట్లో నాకొక సత్తు గ్లాసు వేరుగా పెట్టింది. తాను మాత్రం మండు వేసవిలోనూ మణికట్టు దాకా చేతులున్న రవికె తొడిగేది. వాడకట్టంతా దాన్ని మర్యాదని మెచ్చుకునేది.

జబ్బు పేరు వాడకట్టుకు తానే ముందు చెప్పాలన్న ఆత్రంతో పెద్దాసుపత్రికి నాకు తోడుగా వచ్చింది.

"సోరియాసిస్. అంటుకోదు. పూర్తిగా పోకున్నా మందుతోటి అణిగి ఉంటది. మీ ఖాందాన్‌ల ఇంకెవరికన్నా ఉన్నదా?" అన్నాడు చర్మం డాక్టరు.

అంటుకోదన్న మాటకు మురిసిపోయింది నేనొక్కణ్నే.

"మా ఖాందాన్‌లనా? తౌబా తౌబా! సిటీ బస్సుల అంటుకున్నది సాబ్" అంది అత్త.

డాక్టరిచ్చిన తారు మలాము డబ్బా ఆ రోజు ఆమె ఇంట్లోనే మరిచిపోయాను. మర్నాడు అడిగితే, "ఏమనుకోకు బిడ్డా, కంపు కొడుతున్నదని పారేసిన" అంది.

బోనాల నాడు అత్త ఇంటి అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాను. పసుపు, వేపాకు వాసనలను దాటుకుని ఆ పొడుగు చేతుల రవికెలోంచి నా మలాము వాసన గుప్పుమంది.

"ఏమనుకోకు అత్తా, ఆ మలాము రాత్రి పూట పూసుకుంటే పగలు గింత వాసన రాదు" అన్నాను.

ఆమె లేచి లోపలికి వెళ్లి నాకు నీళ్లు తెచ్చింది, ఇంట్లో అందరూ తాగే గ్లాసులో.