సూస్కో తమ్మీ

ముషీరాబాద్ స్టేషన్ దాటాక మెట్రో పెట్టెలో టక్‌మని ఒక చప్పుడు వినిపించింది. సాయంత్రం ఆరు కావస్తోంది. ఒకరినొకరు ఒరుసుకుని నిలబడాల్సినంత జనం. నా ముందు సీట్లో కూర్చున్న అమ్మాయి ఫోన్‌లో పులి–మేక ఆడుతోంది. తెర మీద పులి ఒక మేక మీదుగా దూకినప్పుడల్లా ఆ చప్పుడు. మందపాటి గుండీని బైండింగ్ అట్ట మీద కొడితే వచ్చే చప్పుడది. దాన్ని రికార్డు చేసి ఆ ఆటలో పెట్టింది నేనే. గుండీ కొట్టిన చెయ్యి నర్సింలు కాకది. ఆయన ఇప్పుడు లేడు. చప్పుడు మాత్రం ఎవరెవరి ఫోన్లలోనో తిరుగుతోంది.

ఆయన మీలో ఎవరికీ తెలిసి ఉండడు. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాల దుకాణాల వెనక సందులో, ఒక ఇంటి మెట్ల కింద గదిలో నోట్సులు బైండింగ్ చేసేవాడు. జనగామ దగ్గరి పల్లె నుంచి గ్రూప్స్‌కి చదువుకోవడానికి వచ్చిన నేను ఆ పక్కనే హాస్టల్లో ఉండేవాణ్ని. పొద్దంతా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని రాసుకున్న కాగితాలు ఒక దొంతర అయ్యాక ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. గది నిండా మైదా బంక వాసన. బంక ఆరేదాకా ఆగాలన్నాడు. నేను ఊరికే గోడలు చూస్తూ కూర్చోవడం చూసి ఒక అట్ట తీసి మధ్యలో పెట్టాడు. దాని వెనకవైపు స్కేలు పెట్టి నీలం పెన్నుతో గీసిన పులి–మేక గీతలు. పదిహేను చింతగింజలు మేకలు, మూడు కోటు గుండీలు పులులు.

"ఆడొస్తదా తమ్మీ?"

"చిన్నప్పుడు ఆడిన కాకా."

"గట్లయితె మేకలు నీయి. మేకలాడెటోనికే తెలివి గావాలె. పులిదేముంది, దుంకుడే."

తెలియని వాళ్ల కోసం చెబుతాను. మేకలు ఒక్కొక్కటిగా గీతలు కలిసే చోట్ల దిగుతాయి. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీదుగా దూకి చంపుతుంది. మూడు పులులూ కదలలేకుండా చుట్టూ కమ్ముకుంటే మేకలు గెలిచినట్టు. అంతే ఆట. నాలుగో మేకను పెట్టి నేను చెయ్యి తీశానో లేదో, కాక గుండీ మీద వేలు పెట్టి ఆగి "సూస్కో" అన్నాడు. చూస్తే నా మేక వెనక ఖాళీ. తీసి ఇంకో చోట పెట్టుకున్నాను. కాసేపటికి మళ్లీ అదే తప్పు, మళ్లీ "సూస్కో". నాకు రోషం వచ్చింది.

"పులి చెప్పి కొడ్తదా కాకా?"

"అడివిల చెప్పది. గిది అడివా? ఇద్దరు మనుషులం ఎదురుంగ గూసున్నం. చెప్పకుండ కొడితె గెలుస్త. మల్ల రేపు ఆడనీకి నువ్వొస్తవా?"

ఆయన ఒక్కసారే చెప్పేవాడు. చెప్పాక కూడా మనం చూసుకోకపోతే కొట్టేవాడు, టక్‌మని. అప్పుడు ఆయన ముఖంలో జాలి ఉండేది కాదు. నేను రోజూ వెళ్లడం మొదలుపెట్టాను. బైండింగ్ చేయించాల్సిన కాగితాలు లేకపోయినా వెళ్లేవాణ్ని. హాస్టల్ గదిలో నలుగురం ఉండేవాళ్లం కానీ, నలుగురమూ ఒకే ఉద్యోగం కోసం చదువుతున్నాం. ఒకడి నోట్సు ఇంకొకడు అడిగితే ముఖాలు మారిపోయేవి. ఆ ఊళ్లో నాతో ఏ పోటీ లేకుండా నా ఎదురుగా కూర్చున్న మనిషి ఆయనొక్కడే. అదీ పులి పక్షాన.

నాకొక అలవాటైన తప్పుండేది. మేకలన్నీ కుడివైపు పేర్చుకుంటూ పోయి ఎడమ మూల మర్చిపోయేవాణ్ని. "ఎడమచెయ్యి దిక్కు నీకు ఊరే లేదా తమ్మీ?" అని నవ్వేవాడు. రెండుసార్లు పరీక్ష పోయి, మూడోసారి ఫారం నింపుతూ ఆయన బల్ల దగ్గరే కూర్చున్న రోజు మాత్రం నవ్వలేదు. దారం సూదిలో ఎక్కిస్తూ, నా వైపు చూడకుండానే "సూస్కో" అన్నాడు. ఆట అట్ట మా మధ్య లేదు. నాకు అర్థం కాలేదు.

"ఇదే మూలకు మూడోపారి వెడ్తున్నవ్. కొడ్తది. చెయ్యి ఇంక మీదనే ఉన్నది, తీస్కో. ఇంకో తాన పెట్టు."

"ఇంకో తాన ఏమున్నది కాకా?"

"నాకేం దెల్సు? మేకలు నీయి గద."

ఆ ఫారం పూర్తి చేయలేదు. కంప్యూటర్ కోర్సులో చేరాను. రెండేళ్లకు ఫోన్ ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఈ రోజు నేను తింటున్న తిండి వెనక ఆ ఒక్క మాట ఉంది.

పులి–మేకను ఫోన్లోకి తెద్దామని కంపెనీలో చెప్పింది నేను. ఒప్పుకున్నారు. చప్పుడు కోసం కాక దగ్గరికే వెళ్లాను. ఫోన్ దగ్గర పెట్టి, "కొట్టు కాకా" అన్నాను. ఆయన గుండీ ఎత్తి "సూస్కో" అని, అప్పుడు కొట్టాడు. మాట వద్దు, చప్పుడు చాలన్నాను. సరేనన్నాడు. గుండీ ఎత్తాడు. "సూస్కో." టక్. ఐదుసార్లు కొడితే ఐదుసార్లూ ఆ మాట ముందే వచ్చింది.

"నోరు దానంతట అదే అంటది తమ్మీ. నేనేం జెయ్యాలె?"

ఇద్దరం కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుకున్నాం. గదికి వెళ్లి రికార్డింగులోంచి మాటను కోసేసి, చప్పుడు మాత్రం ఉంచుకున్నాను. ఆట తయారయ్యాక చూపిస్తే రెండు చేతులతో ఫోన్ పట్టుకుని చాలాసేపు చూశాడు. తెర మీద పులి నా మేకను కొట్టగానే తలెత్తాడు. "మరి సూస్కో ఏడుంది?" పెట్టిన మేకను వెనక్కి తీసుకునే వీలు ఆ ఆటలో లేదు. ఆఫీసులో ఒప్పుకోలేదు కాకా, అని చెప్పాను. నిజానికి నేను అడగనే లేదు. అడిగితే పాతకాలపు మనిషిలా కనిపిస్తానేమోనని సిగ్గుపడ్డాను. ఆయనతో నేను ఆడిన మొదటి అబద్ధం అది.

తర్వాత మోకాళ్లు పట్టేసి ఆయన మెట్ల కింద గది వదిలేశాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. కవాడిగూడలో ఒక ఇంటి వెనక చిన్న వాటాలో కిరాయికి చేరాడు. నేను ఉద్యోగం కోసం నగరానికి ఆ చివరకు మారిపోయాను. వెళ్లేముందు ఆయన ఫోన్‌లో మా ఆట ఎక్కించి, ఇద్దరం ఎక్కడున్నా ఆడుకునేలా కలిపి, మాట ఇచ్చాను. "రోజూ సాయంత్రం ఆరింటికి ఒక ఆట, కాకా." ఆయన గోడ గడియారం వైపు చూసి, "ఆరు గొట్టంగనే గూసుంట" అన్నాడు.

మూడు వారాలు ఆడాను. ఆటలో ఒకరికొకరు రాసుకోవడానికి ఒక చిన్న గడి ఉండేది. కొట్టేముందు కాక అందులో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ "సూస్కో తమ్మీ" అని రాసేవాడు. నేను మేకను వెనక్కి తీసుకోలేను కాబట్టి, తనే పులిని వేరే వైపు ఒక అడుగు జరిపి, సర్దుకోవడానికి నాకు అవకాశం ఇచ్చేవాడు. నాలుగో వారంలో ఒక రోజు ఆరింటికి మీటింగ్ పడింది. కంప్యూటర్ ఆడే ఏర్పాటు మా ఆటలో ఎలాగూ ఉంది. ఆ ఒక్క రోజుకని నా పేరు మీద దాన్ని ఆడమని పెట్టాను, మరీ గట్టిగా ఆడకుండా మధ్యరకంగా. మర్నాడు తీసేయడం మర్చిపోయాను. ఆ మర్నాడు మర్చిపోలేదు, తీయలేదు. ఆరింటికి నా సమయం నాకు మిగలడం బాగుంది. గడిలో వచ్చే రాతలు ఫోన్‌లో మోగకుండా చేసుకున్నాను.

ఏడు నెలలు గడిచాయి. ఆదివారాలు ఆయనే ఫోన్ చేసేవాడు. "నిన్న మంచిగాడినవ్ తమ్మీ, పులులను అరిగోస వెట్టినవ్" అనేవాడు. నేను ఆ మెప్పు తీసుకున్నాను. "నీ దగ్గర నేర్చుకున్నదే కాకా" అని కూడా అన్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఒక పండగ సెలవు రోజు మధ్యాహ్నం కవాడిగూడ వెళ్లాను. మంచం పక్కన పాత అట్ట తీశాడు. నీలం గీతలు వెలిసిపోయి ఉన్నాయి. చింతగింజలు నా చేతికిచ్చాడు. ఎప్పటిలాగే కుడివైపు పేర్చుకుంటూ పోయి ఎడమ మూల వదిలేశాను. ఆయన గుండీ మీద వేలు పెట్టి ఆగాడు. కానీ ఏమీ అనలేదు. మూల వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఫోన్‌ల నువ్వు ఇట్లాడవు గద తమ్మీ."

"ఫోన్‌ల జర జాగ్రత్తగ ఆడ్త కాకా."

"జాగ్రత్తనా? ఆడ గూడ తప్పులు జేస్తవు. గని నీ తప్పులు జెయ్యవు."

ఆయన వేలు ఇంకా గుండీ మీదే ఉంది. ఇంతకాలం తర్వాత ఇప్పుడు అర్థమవుతోంది, ఆయన ఆగింది మేక కోసం కాదు. నిజం చెప్పు, చెయ్యి ఇంక మీదనే ఉన్నది, వెనక్కి తీస్కో అని ఆగాడు. నేను నవ్వి, "పనిల పరేషాన్ ఎక్కువైంది కాకా, ఏదో ఆడేస్తున్న" అన్నాను. ఆయన తల ఊపాడు. కొట్టకుండానే గుండీ పక్కన పెట్టి, "సరే తియ్యి. ఆరింటికి ఎవరో ఒకరు వస్తున్నరు గద, గంతే సాలు" అని చాయ్ పెట్టడానికి లేచాడు. ఎవరో ఒకరు అన్న మాట వినపడనట్టు కూర్చున్నాను. చాయ్ తాగి, బస్సు దొరకదని చెప్పి వచ్చేశాను.

ఆ తర్వాత రెండు నెలలకు ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసింది. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం వాళ్లది. "మీరు నర్సింలు గారి తమ్ముడా అండీ? ఫోన్‌లో తమ్మి అని ఉందండీ. పొద్దున్న పాలు తీసుకోలేదని తలుపు కొడితే..." నేను తమ్ముణ్ని కానని చెప్పలేదు. ఆ రోజు అన్నీ జరిగిపోయాక ఆ గదిలో కూర్చుని గడియారం చూశాను. ఆరైంది. నా జేబులోని ఫోన్‌లో, నా పేరు మీద ఆడే యంత్రం ఆయన రాక కోసం ఎదురుచూస్తూ ఉంటుందని గుర్తొచ్చింది. అప్పుడు తెరిచాను ఆ గడిని.

అన్నీ ఉన్నాయి. ఏడు నెలల రాతలు, తర్వాత ఇంకో రెండు నెలలవి. ప్రతి ఆటలో, ప్రతి మేక మీద దూకేముందు: "సూస్కో తమ్మీ." "సూస్కో తమ్మీ." జవాబు లేదు, ఒక్కదానికీ లేదు. పాత ఆటలు తెరిచి చూస్తే, అయినా పులిని పక్కకు ఒక అడుగు జరిపి అవకాశం ఇచ్చాడు. యంత్రానికి అది అర్థం కాలేదు. ఆ అవకాశం వాడుకోలేదు. కిందికి జరుపుకుంటూ వెళ్లి, నేను కవాడిగూడ వెళ్లివచ్చిన రోజు దగ్గర ఆగాను. ఆ సాయంత్రం ఆరింటికి కూడా ఆయన ఆడాడు. ఆ రోజు నుంచి చివరి రోజు వరకు ఒకే మాట ఉంది. "సూస్కో." తమ్మీ లేదు.

ఎదురుగా ఉన్నది నేను కాదని తెలిశాక, నా పిలుపు తీసేశాడు. హెచ్చరిక మాత్రం తీసేయలేదు. మనిషి కాని దాన్ని కూడా చెప్పకుండా కొట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. నేను మనిషినై ఉండి ఆయనకు ఒక్క మాట చెప్పలేదు.

ఆ కంపెనీ వదిలి చాలా కాలమైంది. ఆట ఇప్పుడు వేరేవాళ్ల చేతిలో ఉంది. మాటతో ఉన్న ఆ రికార్డింగు కోసం పాత కంప్యూటర్లన్నీ వెతికాను, దొరకలేదు. బర్కత్‌పురలో ఒక్కణ్నే ఉంటున్నాను. ఆఫీసులో నా కింద పనిచేసే పిల్లలెవరైనా తప్పు చేస్తే, పైవాళ్లకు రాసేముందు వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి ఒకసారి చెబుతాను. అంతకుమించి ఏమీ బాగుపడ్డానని చెప్పుకోలేను.

చిక్కడపల్లి స్టేషన్ దాటింది. ఎదురుగా ఉన్న అమ్మాయి తెర మీద కుడివైపంతా మేకలు. ఎడమ మూల దగ్గర ఒకటే మేక, దాని వెనక ఖాళీ, ముందు పులి. ఆ మేక నుంచి ఆమె వేలు ఇంకా పూర్తిగా లేవలేదు.

"సూస్కో" అన్నాను.

ఉలిక్కిపడి తలెత్తింది. "ఏంది అంకుల్?"

"ఏం లేదమ్మా."

ఫోన్ కొంచెం తన వైపు తిప్పుకుని, వేలు తీసేసింది. నారాయణగూడ వచ్చింది. జనంతోపాటు దిగాను. తలుపులు మూసుకునేలోపు వెనక నుంచి టక్‌మని వినిపించింది. దాని ముందు ఉండాల్సిన మాట ఆ ఫోన్‌లో లేదు. నా దగ్గరే ఉండిపోయింది.