హైదర్ భాయ్ ఆటోకు దాహమెక్కువ

హైదర్ భాయ్ ఆటోకు దాహమెక్కువ. డీజిల్‌తో ఎంత నడిచేదో నాకు తెలియదు గానీ, అడుక్కున్న నీళ్లతో మాత్రం నాలుగేళ్లు నా కళ్లముందే నడిచింది. గద్వాల నుంచి ధరూర్‌కు మామూలు ఆటో అరగంటలో పోతే, ఆయన ఆటో గంటంబావు తీసుకునేది. దారిలో మూడు నాలుగు చోట్ల ఉన్నట్టుండి ఆగేది. ఆయన దిగి, ఇంజను మీద అరచేయి పెట్టి, జ్వరం చూసే డాక్టరులా తల ఆడించేవాడు.

"వేడెక్కింది. జర నీళ్లు అడుక్కొస్త."

గోరింటాకు గడ్డం సవరించుకుంటూ రోడ్డు పక్కన ఏదో ఇంట్లోకి పోయేవాడు. పోయినవాడు పది నిమిషాలకు గానీ తిరిగొచ్చేవాడు కాదు.

నేను ధరూర్ బడిలో టీచర్ని. రోజూ నాతోపాటు వచ్చే తిరుపతమ్మకు ఒళ్లు మండేది. గద్వాల మార్కెట్లో కూరగాయలు కొని, ధరూర్ పక్క ఊళ్లలో తిరిగి అమ్ముకునే మనిషి ఆమె.

"ఓ హైదరన్నా! నీ ఇంజను సల్లవడేసరికి నా పాలకూర వడలిపోతుంది!"

"పాలకూరకు గూడ జర తెస్త ఆగు చెల్లె."

"ఇదేమన్న బాలింతనా, ఇంటింటికి ఆగి తాగనీకె?"

తెచ్చిన చెంబులో సగం ఆయనే తాగేవాడు. మిగతాది ముందు టైరు మీద పోసేవాడు. అదేంది భాయ్ అంటే, "టైరుకు గూడ ఎండ కొడ్తది గద టీచరమ్మా" అనేవాడు. విచిత్రమేమంటే రోడ్డు పక్కనే బోరు ఉన్నచోట ఆ ఆటో ఎన్నడూ వేడెక్కేది కాదు. ఓసారి అడిగాను.

"ఇక్కడ ఆపొచ్చు గద?"

"గీ బోరు నీళ్లు ఉప్పు. మా ఇంజనుకు పడవు."

నేను అద్దెకుండే గది కింద యేసుబాబు మెకానిక్ షెడ్డు ఉంది. ఒక ఆదివారం ఆయన్నే పట్టుకున్నాను. "హైదర్ భాయ్ ఆటోకు ఆ నీళ్ల రోగం కుదర్చరాదా?"

యేసుబాబు పానా కింద పడేసి నవ్వాడు. "ఏం నీళ్లు టీచరమ్మా? అది గాలికి సల్లవడే ఇంజను. దాంట్ల నీళ్లు పోసే జాగనే లేదు!"

మరునాడు తిరుపతమ్మ చెవిలో వేశాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకెరుకే. ఆరేండ్ల కింద ఆయన భార్య నజ్మా సచ్చిపోయింది. పిల్లల్లేరు. మాట్లాడనీకె మనిషి లేక గట్ల ఇండ్లల్లకు పోతుండు. తిడ్త గాని, వేరే ఆటో ఎక్కబుద్ది గాదు."

నేను నమ్మేశాను. మావాళ్లంతా మా ఊరు పాన్‌గల్‌లో, నేనిక్కడ ఒక్కదాన్ని. సాయంత్రం తలుపు వేసుకుంటే మళ్లీ పొద్దున హైదర్ భాయ్ "ఎక్కుండ్రి టీచరమ్మా" అనేదాకా నా చెవిన మనిషి గొంతు పడదు. పది నిమిషాల మాట కోసం మనిషి అబద్ధమాడతాడంటే నాకు అర్థం కాకపోవడమేముంది?

పోయిన చలికాలం నాకు దగ్గు పట్టుకుంది. మూడు వారాలైనా వదల్లేదు. దవాఖానలో కఫం పరీక్ష చేసి టీబీ అన్నారు. ఆరు నెలలు ఒక్కరోజూ తప్పకుండా గోళీలు వేసుకోవాలి, మొదటి నెల ఇంట్లోనే ఉండాలి. బడికి టైఫాయిడ్ అని చెప్పాను. ఇంటికి అదీ చెప్పలేదు. గోళీల అట్టను బియ్యం డబ్బాలో దాచాను.

మూడో రోజు పొద్దున, ఏడుగురు మనుషులతో వచ్చి, సరిగ్గా నా కిటికీ కింద ఆటో వేడెక్కింది. యేసుబాబు షెడ్డు ముందే. ఆయన నోరు తెరుచుకొని చూస్తుండగానే హైదర్ భాయ్ ఇంజను మీద చేయి పెట్టి, తల ఆడించి, మెట్లెక్కి వచ్చాడు.

"టీచరమ్మా, జర నీళ్లియ్యుండ్రి."

నేను మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. "కింద నల్లా ఉంది గద భాయ్. నాకు టైఫాయిడు. దూరముండు."

ఆయన గొంతు తగ్గించాడు. "రెండు గ్లాసులు తెండ్రి. ఒకటి నాకు, ఒకటి మీ గోళీలకు."

నేను బియ్యం డబ్బా వంక చూశాను. "ఎవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలే. దవాఖాన గేటు కాడ మీ చేతిల అట్ట సూసిన. మా నజ్మా గూడ గవే మింగేది. నాల్గు నెలలు మింగింది."

"తర్వాత?"

"మా ఇంట్ల నీళ్లు ముట్టుడు బంద్ వెట్టిండ్రు. సుట్టాలొస్తే వాకిట్లనే నిలవడి మాట్లాడి పోయేటోళ్లు. గోళీలు కనవడ్తెనే గద అందరికి తెలిసేదని, నాకు చెప్పకుంట ఆపేసింది. నేను పొద్దున ఆటో తీస్కపోతే చీకటికి వస్తుంటి. మింగినవా అని ఒక్కనాడు అడగలే."

గ్లాసు కోసం చేయి చాచాడు. "అందుకే గీ రోగమున్న ఇండ్లల్ల నీళ్లడిగి తాగుత. నేను తాగితె వాళ్లు గోళీ మింగుతరు. ఆటోల ఉన్నోళ్లకు చెప్తె మళ్ల గదే కథ. ఇంజను మీద ఏస్త. అది ఏమనుకోదు."

నేను గోళీలు మింగాను. ఆయన గుమ్మం అవతల నిలబడి గ్లాసు ఖాళీ చేశాడు. చాలా రోజులకు నా ఇంటి నీళ్లు తాగిన మొదటి మనిషి. కింద నుంచి తిరుపతమ్మ అరుస్తోంది: "తాగేది ఇంజనా, నువ్వా?"

రెండు నెలలకు దగ్గు పోయింది. గోళీలు చూస్తే వాంతి వచ్చేది. రెండు రోజులు మానేసి, ఆయన అడిగితే మింగానన్నాను. మూడోనాడు బడికి తయారై తలుపు తీసేసరికి ఆయన మెట్ల మీద ఉన్నాడు.

"పొద్దుగాలనే మింగిన భాయ్, పోదాం పా."

"అట్ట సూపెట్టుండ్రి."

"ఆటోల జనం ఉన్నరు. ఆలస్యమైతది."

"కానియ్యుండ్రి. ఇంజను ఇంక సల్లవడలే."

మెట్ల మీద కూర్చున్నాడు. కింద హారన్ మోగుతోంది, తిట్లు మొదలయ్యాయి. ఆయన కదల్లేదు. ఇరవై నిమిషాలకు సిగ్గుపడి మింగాను. మళ్లీ మానలేదు.

ఆరు నెలలు నిండాక పరీక్షలో ఏమీ లేదన్నారు. మరునాడు ధరూర్ దారిలో, ఆటో నడుస్తుండగా అందరికీ వినిపించేట్టు చెప్పాను. "తిరుపతమ్మా, నాకొచ్చింది టైఫాయిడ్ కాదు, టీబీ. ఆరు నెలలు గోళీలు మింగిన. మొత్తం తగ్గింది."

అందరూ దూరం జరుగుతారనుకున్నాను గానీ, ఆ ఆటోలో జరగడానికి చోటెక్కడిది?

తిరుపతమ్మ గంప మీది తడిగుడ్డ సరిచేసింది. "మా కోడలు వర్ష నెలసంది దగ్గుతుంది టీచరమ్మా. బక్కవడ్డది. బయట తెలిస్తె నా కూరగాయలు ఎవ్వరు ముట్టరని ఇంట్లనే దాసిన."

హైదర్ భాయ్ ఆటో ఆపాడు. ఇంజను ముట్టుకోలేదు. "దిగేటోళ్లు దిగుండ్రి. నేను గద్వాలకు మలుపుతున్న."

ఎవరూ దిగలేదు. "మలుపు భాయ్, జల్ది మలుపు" అన్నాడు వెనక నుంచి ఓ పెద్దమనిషి.

వర్షను ఇంటి నుంచి ఎక్కించుకొని దవాఖానకు పోయాం. ఆమెకూ టీబీ అనే తేలింది. ఇప్పుడు మూడో నెల నడుస్తోంది, ఒళ్లు కూడా చేసింది. కానీ ఆ రోజు కఫం పరీక్షకిచ్చి బెంచీ మీద కూర్చున్నప్పుడు మాకేం తెలియదు. మధ్యాహ్నానికి తిరుపతమ్మ సద్ది విప్పింది. జొన్నరొట్టెలు, పల్లికారం. హైదర్ భాయ్ లేచాడు.

"యాడికి?"

"ఆటోల కూసొని తిని వస్త."

"రోజు ఆటోలనే తింటవా?"

"ఒక్కన్నే గద చెల్లె. యాడైతేంది?"

తిరుపతమ్మ నా చేతిలో ఒక రొట్టె, ఆయన చేతిలో రెండు పెట్టింది. "కూసో. మా కోడలు చేసిన రొట్టెలు. తింటవా?"

ఆయన కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోవడం చూశాను. కారం ఘాటే కావచ్చు, నేనూ తుడుచుకున్నాను. రెండు రొట్టెలూ తిని, వేళ్లు నాకి, ఖాళీ మూట వంక చూశాడు.

"రేపు నీకు నాలుగు తెస్త" అంది తిరుపతమ్మ.

"ఐదు" అన్నాడు హైదర్ భాయ్.