పాకలో వెలిగిన సెల్లు

ప్రతి క్రిస్మస్ ముందూ చర్చిలో ఫాదర్‌గారి దగ్గర మోకరించి చేసిన తప్పులన్నీ చెప్పుకుంటాను. ఇదొక్కటే మింగేస్తాను. ఏళ్ళ తరబడి మింగుతూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మా అక్క పోయాక ఆమె కూతురు సునీతను చల్లపల్లిలో నేనే పెంచాను. విజయవాడ వెళ్ళి గాలి తుపాకీ కాల్చడం నేర్చుకుంది పిల్ల. ఆ తుపాకీ మీద చిన్న గొట్టం ఉండేది. అందులోంచి చూస్తే ఎర్రచుక్క కనపడుతుంది. ఆ చుక్కను గురి మీద నిలిపి కాల్చాలి. చుక్క వెలగడానికి రూపాయి బిళ్ళంత బ్యాటరీ సెల్లు. అది కొనడానికి సునీత షాపతన్ని ఎంత వేధించేదో! "మందం తేడా ఉంటే వద్దు పిన్నీ. పిల్లలు మింగకుండా చేదు పూత పూసినవీ వద్దు, కరెంటు సరిగా అందదు" అంటూ అట్ట వెనక తేదీ చూసి మరీ తెచ్చుకునేది.

రాష్ట్ర టీముకు ఎంపిక పోటీ పండగ ముందే పడింది. గెలిస్తే ఆటల కోటాలో ఉద్యోగమొస్తుందని దాని ఆశ. ముందురోజు తుపాకీకి కొత్త సెల్లు వేసి ఇంట్లో ఉంచి, పాతది టీవీ పక్కన పెట్టి బయటికెళ్ళింది. నేను బాలయేసు పాక కడుతున్నాను. సాయంత్రం ఇంటింటికీ పాటలు పాడే కేరల్స్ వాళ్ళు వస్తారు. తొట్టి దగ్గర పెట్టే ప్లాస్టిక్ దీపం వెలగలేదు. దానికీ అలాంటి సెల్లే. పాతది వేస్తే మినుకుమంది. టార్చి సెల్లుల్ని ఎండలో పెట్టి మళ్ళీ వాడుకునే ఇల్లు మాది. ఆ పాతదాన్ని డాబా మీద ఎండబెట్టి తుపాకీకి వేశాను. తుపాకీలోంచి తీసిన కొత్తది దీపానికి వేశాను. గొట్టం మీది మీట నొక్కి చూస్తే చుక్క కనపడింది. కనపడింది కదా, చాలదా అనుకున్నాను. పిల్లను అడగొచ్చుగా? వద్దంటుందని తెలిసే అడగలేదా?

పోటీ సగంలో చుక్క ఆరిపోయింది. కొత్తదే వేశానన్న ధీమాతో సునీత ఇంకొకటి తీసుకెళ్ళలేదు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గడపలో కూలబడింది.

"రాత్రి చుక్క ఆపడం మర్చిపోయుంటా పిన్నీ. నా చేతులారా పోగొట్టుకున్నా. అంతేగా?"

దాని వెనకాల, పాకలో దీపం నిండుగా వెలుగుతోంది.

"అంతేనేమోలే అమ్మా" అన్నాను.

సెల్లు మార్చింది తెలివితక్కువతనంతో. ఈ మాట మాత్రం తెలిసే అన్నాను.

తుపాకీ వాడుకోమని ఇచ్చిన కోచ్‌గారికే దాన్ని తిరిగిచ్చేసింది. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్‌పార్టుల షాపులో కౌంటర్ దగ్గర ఉంటోంది. స్టవ్ ఆపానా, ఫ్యాన్ ఆపానా అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చి చూసుకుంటుంది. తన మీద తనకు నమ్మకం లేకుండా చేసింది ఎవరు?

మొన్న పండగయ్యాక పాక విప్పుతూ, దీపంలో సెల్లు ఊడదీసి నా చేతిలో పెట్టింది. "ఆపడం మర్చిపోకూడదు పిన్నీ, నాలాగా" అంది నవ్వుతూ. చెప్పేద్దామని నోరు తెరిచాను.

"అన్నం పెట్టనా?" అన్నాను.

నువ్వేమీ మర్చిపోలేదు సునీతా. సెల్లు మార్చింది నేను. దాని ముందు అనలేని ఈ రెండు ముక్కలూ ఇక్కడైనా అన్నాను. కాస్త ఊపిరాడుతోంది.