మూడో గది గాలి బాకీ

నక్షత్రాల మధ్య తిరిగే ఓడలు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు గానీ, మా తాతకు డబ్బు కట్టకుండా వాటిలో ఊపిరి పీల్చి బతికి బట్టకట్టినవాడు ఒక్కడూ లేడు. చక్రవర్తులు కట్టారు. దొంగలూ కట్టారు. ఆరు కాళ్ళ రాయబారి ఒకడు, తనకు ముక్కు లేదనీ చర్మంతోనే పీలుస్తాననీ, అందుకని సగమే ఇస్తాననీ అంటే, చర్మం బారెడు ఉందని చూసి రెట్టింపు వసూలు చేశాడు. దేవుడే దిగొచ్చి ఓడెక్కినా, గాలి ఖర్చు అక్కడ పెట్టి ఆ తర్వాత వరాలివ్వమంటాడు.

ఈ వసూళ్ళన్నీ జరిగేది ఇలినాయ్‌లో, గేల్స్‌బర్గ్ లూథరన్ చర్చి కింది గదిలో, శనివారం విడిచి శనివారం మధ్యాహ్నం. అదొక ఆట. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరూ ఓడలో ఒక్కో మనిషిగా మాట్లాడతారు. తేలని సంగతులను పాచికలు తేలుస్తాయి. పాచికలు కూడా తేల్చలేనివి ఆట నడిపే మా తాత ఆర్విల్ టెంగ్‌స్ట్రామ్ తేలుస్తాడు. కూర్చున్న ప్రతిసారీ ఓడ ఒక ప్రయాణం చేస్తుంది. ప్రయాణానికి గదికి గాలి ఖర్చు రెండు వేల క్రెడిట్లు, ఆటలో డబ్బు పేరు అది. అందులోనే నీళ్ళు, తిండి, గాలి వడపోసే జల్లెళ్ళు.

నేను రెండేళ్ళు చదివి వదిలేసిన హైస్కూల్లోనే తాత ముప్ఫై ఒక్క ఏళ్ళు గాలి గొట్టాలు బాగుచేశాడు. అవి బాగున్నన్నాళ్ళూ ఒక్క పంతులూ తలెత్తి పైకి చూడలేదు. ఒకసారి గడ్డకట్టే జనవరిలో వేడిగాలి ఒక్క పూట ఆగితే మాత్రం ఊరంతా ఆయన పేరు తెలుసుకుంది. అందుకేనేమో, తన ఓడలో గాలిని ఎవరూ మరిచిపోకుండా చూసుకుంటాడు.

ఆ శనివారం నదీన్ ఒక కొత్త ఆలోచనతో వచ్చింది. బ్యాంకులో కౌంటరు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, ఓడలోనూ ఆవిడే సరుకుల బేరం చూస్తుంది.

"ఆర్విల్, మూడో గది ఖాళీగానే ఉందిగా. డబ్బున్న ప్రయాణికుడు ఒకడు దొరికాడు. ఎక్కించేస్తాను."

"ఖాళీ లేదు," అన్నాడు తాత, కాఫీలోకి చూస్తూ.

"ఎవరున్నారేమిటి?"

"మెర్ల్ కెప్టెన్."

మెర్ల్ కైపర్స్ ఆట మధ్యలో లేచి వెళ్ళిపోయి పదకొండేళ్ళయింది. అప్పుడు ఓడ చేతిలో డబ్బు ఆడలేదు. కెప్టెన్‌గా మెర్ల్, ఈ ఒక్కసారికి గాలి ఖర్చు ఎగ్గొడదామన్నాడు. తాత నియమం సడలించలేదు. కట్టకుండానే ఓడ కదిలింది. దారిలో గాలి చెడింది, పాచికలు పడ్డాయి, అదే బల్ల దగ్గర కర్టిస్ తొమ్మిదేళ్ళుగా ఆడుతున్న ఇంజనీరు పాత్ర ఊపిరాడక చచ్చిపోయాడు. "మనం వచ్చేది చుక్కల మధ్య ఎగరడానికిరా! బిల్లులు ఇంటి దగ్గర బోలెడున్నాయి," అని మెర్ల్ తన పాచికలు జేబులో వేసుకుని మెట్లెక్కాడు. మళ్ళీ దిగలేదు. రైలు పట్టాలకు అవతలే అతని ఇల్లు. కూరగాయల కొట్లో ఎదురైతే ఇద్దరూ తలలు ఊపేవారు, అంతే.

నదీన్ ఓడ లెక్కల పుస్తకం లాక్కుంది. కళ్ళద్దాలు సర్దుకుని పేజీలు తిప్పింది.

"రెండువందల ఎనభై ఆరు ప్రయాణాలు. మూడో గదికి ఒక్క పైసా జమ లేదు. అయిదు లక్షల డెబ్బై రెండు వేలు!"

"నా ఇంజనీరు ఒక్క ప్రయాణం బాకీకి పోయాడు," అన్నాడు కర్టిస్ మెల్లగా. అతను గొంతు పెంచే మనిషి కాదు. "ఒక్కటంటే ఒక్కటి, ఆర్విల్."

తాత చెవులు ఎర్రబడ్డాయి. ఆయన పెట్టిన నియమం ప్రకారమే మెర్ల్ కెప్టెన్ ఎప్పుడో చచ్చిపోవాలి. ఆ పేరు కొట్టేయడం క్షణం పని. కానీ ఆ పేరు ఉన్నంతకాలం ఆ కుర్చీ మెర్ల్‌దే. కొట్టేస్తే ఇక అతను రావడానికి ఏముంది?

"రెండు వారాలు గడువివ్వండి," అన్నాడు.

మంగళవారం పొద్దున పుస్తకం చంకలో పెట్టుకుని పట్టాలు దాటాడు. మెర్ల్ తన షెడ్డులో గడ్డి కోసే యంత్రం బ్లేడు సానపడుతున్నాడు.

"నువ్వు బాకీ ఉన్నావు," అన్నాడు తాత గుమ్మంలోనే.

"ఎంతేమిటి?"

తాత చెప్పాడు. మెర్ల్ తలెత్తలేదు.

"కట్టకపోతే?"

"చచ్చిపోయినట్టు రాస్తాను."

"మరి పదకొండేళ్ళు ఎందుకు రాయలేదురా?"

సానరాయి మీద బ్లేడు రెండుసార్లు గీసుకుంది. తాత పుస్తకాన్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"ఆటలో ఆ గది గాలి జల్లెడ నేనే మారుస్తూ వచ్చాను. ఎవరూ చూడకుండా."

"దొంగ లెక్క కదురా అది."

"దొంగ లెక్కే."

మెర్ల్ బ్లేడు పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "శనివారం ఎన్నింటికి, రెండింటికేనా ఇంకా?"

వచ్చాడు. రూబార్బ్ అనే పుల్లటి కాడలు కూరి కాల్చే 'పై' ఒకటి వాళ్ళావిడ చేత చేయించుకుని మరీ వచ్చాడు. మొదట తాతే తన దొంగతనం ఒప్పుకున్నాడు, కర్టిస్ ముఖం చూస్తూ. 'పై' ఎంత రుచిగా ఉన్నా నదీన్ వదిలే రకం కాదు.

"గాలి లేకుండా ఎలా బతికావయ్యా కెప్టెన్?"

"ఊపిరి బిగబట్టుకున్నాను."

"పదకొండేళ్ళా?"

"మా ఆవిడతో నలభై ఏళ్ళ కాపురం. అలవాటే."

కర్టిస్ కూడా నవ్వాడు. పాచికలు తీసి మెర్ల్ ముందు పెట్టాడు. "నా ఇంజనీరుకు పది పడితే బతికేవాడు. నీకూ అంతే."

మెర్ల్ పాత పాచికలు జేబులోంచి తీశాడు. రెండూ బల్ల మీద దొర్లి కాఫీ కప్పుకు తగిలి ఆగాయి. మూడు, రెండు.

అందరూ తాత వైపు చూశారు. ఆయన పెన్సిలు తీసుకున్నాడు. కళ్ళద్దాలు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత మూడో గది ఎదురుగా ఉన్న పేరు మీద ఒక గీత గీశాడు. గీత వంకరపోయింది.

"పోయాడు," అన్నాడు.

"మంచివాడు పాపం," అన్నాడు మెర్ల్. 'పై' ఇంకో ముక్క నోట్లో వేసుకుని, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "కొత్త కాగితం ఒకటి ఇలా ఇవ్వు. గది ఖాళీ అయిందిగా."

"ఈసారి ఏమిటి, మళ్ళీ కెప్టెనా?"

"కాదు. జల్లెళ్ళు మార్చేవాడు. ఆ పని ఇన్నాళ్ళూ ఎవడో దొంగతనంగా చేస్తున్నాడట."

తాత కాగితం ఇచ్చాడు. ఇచ్చి, చెయ్యి వెనక్కి తీసుకోకుండా బల్ల మీద అలాగే చాపి ఉంచాడు. మెర్ల్ ఆ అరచేతిని చూసి నిట్టూర్చి, రెండు వేలు ముందుగానే రాసిచ్చాడు.

ఇదంతా రాసి తాతకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"ఆ ఆరు కాళ్ళ వాడి దగ్గర తీసుకున్నది రెట్టింపు కాదు, ఒకటిన్నర వంతే. చదువు మానేస్తే లెక్కలు ఇలాగే ఏడుస్తాయి. అయినా ఇంతసేపు నా గదిలో కూర్చుని పీల్చావుగా, రెండు వేలు అక్కడ పెట్టి వెళ్ళు."