లక్ష్మీరాజం ఒక్కపొద్దులు

సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే పనికి బమ్రోలికి వలసొచ్చిన మా తెలుగువాళ్లకు లక్ష్మీరాజం అనగానే ఒక్కపొద్దులే గుర్తొస్తాయి. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకి, శనివారం వెంకన్నకి ఉపవాసం. "రాజం బావ దేవుళ్లందరినీ ఖుష్ జేస్తడు" అని వాడకట్టంతా నవ్వేది. పక్కింటివాణ్ని, నేనూ నవ్వాను. అది తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

ఆయన కూతురు హారతి పదహారో ఏట శనివారాలు పట్టింది. బిడ్డకు తన భక్తి వచ్చిందని ఆయన మురిసిపోయాడు. పంతొమ్మిదేళ్లకు పిల్ల ఎముకల గూడయింది. పేగుల్లో టీబీ అన్నారు. ఆర్నెల్లు మందులు మింగినా తగ్గలేదు. చివరికి పెద్దాసుపత్రిలో పేగుపూత, పేగుల లోపల పుండ్లు పడి నెత్తురు పోయే జబ్బు అని తేల్చారు. ఇది ఒకే ఇంట్లో తరతరాలుగా రావచ్చట; దాని గుర్తులు జన్యువుల్లో ఎక్కడున్నాయో ఆ ఆసుపత్రిలో వెతుకుతున్నారట. మొన్న గురువారం తండ్రీకూతుళ్లను పిలిస్తే తోడుగా నేనూ వెళ్లాను.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని డాక్టరమ్మ హిందీలో అడిగింది.

"నహీ" అన్నాడు లక్ష్మీరాజం, నేల చూపులు చూస్తూ.

హారతిని ఎప్పుడు మొదలైందని అడిగింది. పిల్ల తండ్రి వైపు తిరిగింది.

"కోపం జెయ్యకు బాపూ. నేను శనివారాలు పట్టింది దేవుని కోసం గాదు. క్లాసుల మాటిమాటికి దొడ్డికి లేవాలంటే సిగ్గయ్యేది. తినకుంటే జర నయముండె."

లక్ష్మీరాజం మొహం పాలిపోయింది.

"నాది గూడ గంతే బిడ్డా. పన్నెండు సాంచెలు ఇడిసిపెట్టి ఘడియకోసారి దొడ్డికి పోతనంటే సేటు ఉంచుకుంటడా? నెత్తురు పడుతదని ఎవ్వలకు జెప్పాలె?"

"ఎప్పటి సంది?"

"నువ్వు పుట్టకముందటి సంది."

"గా ముచ్చట మొదాలే జెప్తే, డాక్టర్లు ఇదే జబ్బేమో అని అప్పుడే చూస్తుండె గద!"

ఆ మాటలు నేను హిందీలో చెప్పాను. డాక్టరమ్మ లక్ష్మీరాజానికీ పరీక్షలు రాసింది. ఇద్దరి రక్తమూ తీసుకున్నారు. తన చేతి నుంచి నిండుతున్న గొట్టం వైపు ఆయన చూడలేదు, బిడ్డ గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాడు. మగ మొండితనం మీద నాకు మండిపోయింది. ఆయన్ని చూస్తే జాలీ వేసింది.

ఇంటికొచ్చాం. ఆయన భార్య ప్రమీల హారతికి మెత్తని అన్నం పెట్టింది.

"నాకు గూడ పెట్టు" అన్నాడు లక్ష్మీరాజం.

"ఇయ్యాల బేస్తారం. సాయిబాబా ఒక్కపొద్దు గాదా?"

హారతి తినడం ఆపి తండ్రి వైపు చూసింది. లక్ష్మీరాజం ప్రమీల ముందు నేల మీద కూలబడ్డాడు.

"పస్తులున్నది రోగానికి, ఏ దేవునికీ ఒక్కపొద్దు లేను ప్రమీలా. ఇరవై ఏండ్ల సంది ఒక్కనాడు గూడ లేను."