లిఫ్టు ఉన్న ఓడ

ఈ సంగతిని కాగితం మీద పెట్టడానికి కారణం ఒక్కటే. ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ నన్నెరిగినవారు కొందరు, రిటైరయిన తరువాత నేను డాబుకు పోయి, పాత మిత్రులను వదిలి, దొరల ఓడ ఎక్కానని ఇప్పటికీ చెప్పుకొంటున్నారు. తప్పు కళ్ళెదుట కనబడుతుండగా దిద్దకుండా వదలడం నా వృత్తికి విరుద్ధం. అప్పట్లో నోరు విప్పడానికి నాకు అనుమతి లేదు. ఆ అనుమతి ఇవ్వవలసిన మనిషి నా భార్య. ఆమె ఈ మధ్యనే, "ఇంక రాసెయ్యండి, నా మోకాళ్ళ సంగతి ఊరందరికీ తెలిసిపోయె" అన్నది. అందుచేత రాస్తున్నాను. క్షమాపణ కోరడానికి మాత్రం కాదని ముందే మనవి చేస్తున్నాను.

తొంభైల తొలి సంవత్సరాలలో ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు ప్రాంతాల రిటైరయిన ఉపాధ్యాయులం కొందరం ఒక యాత్రా జట్టుగా ఏర్పడ్డాం. ఏడాదికొకసారి ఎక్కడికైనా వెళ్ళి రావాలని సంకల్పం. ఆత్మకూరు డ్రిల్లు మాస్టరు అధ్యక్షుడు. ఆయనా నేనూ మిషన్ బోర్డింగులో ఒకే గదిలో పెరిగినవాళ్ళం. ఇద్దరికీ మనవలు పుట్టిన తరువాత కూడా 'రా' అనే పిలుచుకొనేవాళ్ళం. కార్యదర్శిని నేను. జట్టు నియమాలన్నీ నా చేతిరాతలోనే ఉండేవి. బస్సుకు అరగంట ముందు చేరాలి. కిటికీలోనుంచి తుండు విసిరి సీటు పట్టరాదు. భోజనానికి ముందు ప్రార్థన చేసేవారు చేయాలి, చేయనివారు మౌనంగా నిలవాలి. ఏడవ నియమం ఇది: "జట్టులో ఏ సభ్యుడూ తక్కినవారికంటే మెరుగైన తరగతిలో ప్రయాణించరాదు."

ఏడవ నియమం పుట్టడానికి కలువాయి నుంచి వచ్చే ఒక లెక్కల మాస్టరు కారణం. ఒకసారి రైలు ప్రయాణంలో అందరం మామూలు పెట్టెలో ఇరుక్కొని కూర్చోగా, ఆయన తన ఖర్చుతో పై తరగతిలోకి మారిపోయారు. తిరిగి వచ్చాక నేను నియమం రాసి, సమావేశంలో ఆయననే నిలబెట్టి పైకి చదివించాను. ఆయన చదివారు, కూర్చున్నారు, మరి జట్టులోకి రాలేదు. ఎందుకు మారారని నేను అడగలేదు. క్రమం నిలబడింది కదా అని సంతోషించాను.

ఆ మరుసటి ఏడు మద్రాసు నుంచి అండమాను ఓడ ఎక్కాం. తీసుకొన్నది బంకు తరగతి. అంటే ఓడ అడుగు అంతస్తులో ఒకదానిమీద ఒకటి అమర్చిన ఇనుప పడకలు. ప్రతి టిక్కెట్టు మీదా పడక సంఖ్య అచ్చయి ఉంది. నా భార్యకు వచ్చిన పడక మెట్ల పక్కనే. అయినా కిందికి దిగగానే మావాళ్ళలో ఆత్మకూరు బస్టాండు నిద్ర లేచింది. డ్రిల్లు మాస్టరు నలుగురి తుండుగుడ్డలు చేతబట్టుకొని పరుగెత్తి, లోపలి చివర పెద్ద ఫ్యాను కింద ఒక వరస పడకలన్నిటినీ పట్టేశాడు. "ఒరే, ఇట్ట రండి! గాలి ఇక్కడుండాది!" అని కేక. నేను వారించాలి. వారించలేదు. జట్టు ఒకేచోట ఉండడమే పద్ధతి అని నాకు నేను చెప్పుకొని, నా భార్య తుండు కూడా నా చేతులతోనే ఆ లోపలి పడక మీద పరిచాను. మెట్ల పక్క పడకను ఎవరో అపరిచితులు తీసుకొన్నారు.

అక్కడినుంచి పై డెక్కుకు అరవై నాలుగు మెట్లు. నిటారుగా, ఇనుపవి, ఓడతోపాటు ఊగేవి. పొద్దున పొద్దునే నేను వాటిని లెక్కపెడుతూ ఎక్కేవాణ్ణి. ఆమె, "మీరు పోయి రండి, నేను తరవాత వస్తా" అనేది. వచ్చిందనే అనుకొన్నాను.

ఊరికి తిరిగి వచ్చిన కొద్ది రోజులకు, పక్కింటి కాంపౌండరు భార్య మా వసారాలో కూర్చొని అడిగింది: "టీచరమ్మా, నడిసముద్రం ఎట్టుంటాదో చెప్పవా?"

నా భార్య ఉదయగిరి చుట్టుపట్ల ఎలిమెంటరీ బడులలో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి. బియ్యం ఏరుతూ చెప్పింది: "నడిసముద్రంలో నిలిచి చూస్తే నలువైపులా నీరు వృత్తాకారంగా కనిపిస్తుంది. దూరంనుంచి వచ్చే ఓడకు మొదట స్తంభపు కొన కనిపిస్తుంది, తరువాతనే అడుగు భాగం. దీనినిబట్టి భూమి గుండ్రంగా ఉన్నదని తెలుస్తుంది."

లోపల పేపరు చదువుతున్న నేను ఆగిపోయాను. చూసి వచ్చిన మనిషి అలా చెప్పదు. అది నాలుగో తరగతి పాఠం. నల్లబల్ల మీద సుద్దముక్కతో ఒక గుండ్రం, మధ్యలో చిన్న ఓడ గీసి, ఆమె ఏటేటా చెప్పిన పాఠం.

పక్కింటామె వెళ్ళిన తరువాత అడిగాను. "నువ్వు చూశావా?"

"ఏది?"

"ఆ వృత్తం."

ఆమె చేట కింద పెట్టలేదు. "యాడ చూసేది? ఎక్కినప్పుడు క్రేన్లు, దిగినప్పుడు మనుషుల వీపులు. నడిమధ్య దినాలన్నీ, ఈ మోకాళ్ళతో ఆ మెట్లెక్కలేక, ఫ్యాను చూసినా."

"చెప్పలేదే?"

"మీరు అడగలేదే."

ఉదయగిరి మెట్టప్రాంతంలో పుట్టి, మెట్టప్రాంతంలోనే పాఠాలు చెప్పి, ఎప్పుడో ఒకసారి సంగం ఆనకట్ట దగ్గర నిండు పెన్న చూడడమే పెద్ద నీళ్ళు చూడడమయిన ఆమెకు కావలసింది ఒకే ఒక్కటి: ముప్పై ఏళ్ళు తాను పిల్లలకు చెప్పింది నిజమో కాదో గట్టు కనపడని చోట నిలబడి చూడడం. దాని దగ్గరదాకా తీసుకువెళ్ళి, ఫ్యాను కింద పడుకోబెట్టి తీసుకువచ్చినవాణ్ణి నేను.

జట్టు మరుసటి ఏడు మళ్ళీ అదే ఓడకు, అదే తరగతికి తీర్మానించింది. దానిలో పై క్యాబిన్లు అధికారులకే చాలవని ముందే తెలుసు. నేను నెల్లూరు వెళ్ళి ఒక ట్రావెల్స్ ఆఫీసులో విచారించాను. కొచ్చిన్ నుంచి దీవులకు విహారయాత్రగా ఓడ నడిపే ఒక కంపెనీ ఉందని అక్కడి యువకుడు రంగుల పుస్తకం తీశాడు. ముందు నా పంచె వైపు చూశాడు, తరువాత నా గొడుగు వైపు.

"ఇది లగ్జరీ సార్. రాత్రి డిన్నరుకు షూస్ ఉండాల. స్పూను, ఫోర్కు. వచ్చేవాళ్ళంతా పెద్ద పార్టీలు. మీలాంటి పెద్దోళ్ళకి ఆ గవర్నమెంటు ఓడే హాయి గదా సార్."

"నాకు ఏది హాయో నేను అడగలేదు. ఈ ఓడలో లిఫ్టు ఉందా, లేదా?"

అతడు ఆ ప్రశ్న అంతకుముందు విన్నట్టు లేదు. పుస్తకం తిరగేశాడు. "ఉంటాది లెండి."

"ఉంటుందని కాదు. కొచ్చిన్‌కు ఫోన్ చెయ్యండి. గది నుంచి డెక్కు దాకా మెట్లు ఎన్నో కనుక్కోండి. నేను కూర్చుంటాను."

లైను దొరికేదాకా కూర్చున్నాను. ఫోన్ పెట్టేసి, "లిఫ్టు ఉండాది సార్, మెట్లు లేవంట. గదికి కిటికీ గూడా ఉండాది" అన్నాడు. ఆ మాటను కంపెనీ కాగితం మీద రాయించి, కింద సంతకం చేయించుకొని వచ్చాను.

నా భార్య ఆ కాగితం రెండుసార్లు చదివింది. "అక్కడ మనం ఇమడం. బయటి తినుబండారాలు తేగూడదని రాసుండాది చూడండి. కందిపొడి లేకుండా నాకు ముద్ద దిగదని తెలుసు గదా."

"కందిపొడి నీ పాటల పుస్తకం సంచిలో పెట్టు. నియమం తప్పినందుకు నేనే బాధ్యుణ్ణి."

ఆమె నన్ను వింతగా చూసింది. అంతవరకు నా నోట అటువంటి మాట విని ఎరుగదు. తరువాత వేలు చూపించి అన్నది: "సరే. ఒక్క షరతు. నా మోకాళ్ళ మాట జట్టులో ఎత్తగూడదు. ఎత్తినారంటే ఆదివారం గుడిలో ఆడోళ్ళంతా నూనె సీసాలు తీసుకొని వస్తారు. ఎండలో పల్లెల మీద పడి నడిచి పాఠం చెప్పినదాన్ని. కుంటిటీచరమ్మ అనిపించుకోను."

మాట ఇచ్చాను. ఇచ్చిన తరువాతనే ఏడవ నియమం గుర్తుకు వచ్చింది. దాని వెంట ఆ కలువాయి లెక్కల మాస్టరు గుర్తుకు వచ్చారు.

సమావేశానికి రెండు రోజుల ముందు బస్సెక్కి కలువాయి వెళ్ళాను. ఆయన కల్లంలో వేరుశనగ ఆరబోస్తున్నారు. మంచినీళ్ళు ఇచ్చారు. ఆ రోజు పై తరగతిలోకి ఎందుకు మారారని అడిగాను.

"ఇన్నాళ్ళకా అడగతా ఉండేది?" అని నవ్వారు. "నీళ్ళ బాధయ్యా. గంటకు నాలుగుసార్లు లేవాల. ఆ మామూలు పెట్టెలో దోవ పొడుగునా జనం, దొడ్డికి పోయేదానికి లేదు. ఆడోళ్ళు ఉన్న జట్టులో నిలబడి చెప్పుకునే మాటనా అది?"

ఆయన అనుమతితోనే ఇది ఇక్కడ రాస్తున్నాను. చెప్పుకోలేని కారణం ఒకటి మనిషికి ఉండవచ్చునని, బడి నడిపినన్ని ఏళ్ళూ నాకు తోచలేదు.

సమావేశం ఆత్మకూరులో, ఒక బడి గదిలో, శనివారం ఉదయం. ఆడవారెవరూ రాలేదు. నేను లేచి, ఈ ఏడు నేనూ నా భార్యా వేరే కంపెనీ విహార ఓడలో వెళ్తున్నామని, ఏడవ నియమాన్ని కొట్టివేయవలసిందని ప్రతిపాదించాను.

డ్రిల్లు మాస్టరు, "ఏందిరా ఇది?" అన్నాడు. "ఇన్నాళ్ళూ మమ్మల్ని వరసలో నిలబెట్టి, ఇప్పుడు నువ్వే వరస తప్పతా ఉండావా?"

వింజమూరు నుంచి వచ్చిన తెలుగు పండితుడు అందుకొన్నాడు. "దొరసానుల పక్కన కూర్చోని సూపు తాగాలంట సారుకి. మన పులిహోర పొట్లాలు చేదైనాయి."

అందరూ నవ్వారు. డ్రిల్లు మాస్టరు నవ్వలేదు. "కారణం చెప్పరా. న్యాయంగా ఉంటే నేనే చెయ్యెత్తతా."

"కారణం చెప్పను."

"చెప్పకపోతే డాబు అనుకుంటారు."

"అనుకోండి."

"నాకన్నా చెప్పు. పక్కకు రా, చెవిలో చెప్పు."

"నీకూ చెప్పను. కారణం అడగకుండా రాసిన నియమం అది. కాబట్టి కారణం అడగకుండానే కొట్టెయ్యాలి."

ఆయన ముఖం ఎర్రబడింది. మినిట్స్ పుస్తకం నా ముందుకు తోశాడు. "కలువాయి ఆయన్ను నిలబెట్టి చదివించినావు గదా. నువ్వూ నిలబడి చదువు."

నిలబడ్డాను. ఏడవ నియమాన్ని, దాని కింద నా సంతకంతో సహా, తరగతి వెనక బల్ల దాకా వినబడే గొంతుతో చదివాను. తరువాత ఓటు పెట్టారు. కొట్టివేయాలని లేచిన చెయ్యి నాది ఒక్కటే.

కార్యదర్శిగా నా పని ఇంకా మిగిలి ఉంది. కూర్చొని, తేదీ వేసి, అదే పుస్తకంలో రాశాను: "ఏడవ నియమాన్ని ఉల్లంఘించ నిశ్చయించినందున ప్రస్తుత కార్యదర్శి జట్టునుండి తొలగింపబడినాడు." ఎక్కడా కొట్టివేతలు లేవు. సంతకం చేసి, కలానికి మూత పెట్టి, పుస్తకం ఆయన చేతికి ఇచ్చాను.

ఆయన ఆ పుట చదివాడు. "చేతిరాత మాత్రం ముత్యాలురా నీది" అని, కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఆ సాయంత్రానికే మాట ఉదయగిరి చేరింది. హోటలు ముందు నన్ను చూసి గొంతు తగ్గించినవారున్నారు. కెప్టెన్ గారని పిలిచినవారున్నారు. తల దించలేదు. ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు.

ఇక ఓడ సంగతి. నేను బూట్లు వేసుకొన్నాను, పంచె మీదనే. వడ్డించేవాడు ఒకసారి చూసి, తరువాత మరచిపోయాడు. నా భార్య కందిపొడి సీసాను బల్ల మీద బాహాటంగా పెట్టి, చేత్తో కలుపుకొని తిన్నది. బల్లకు అవతల కూర్చున్న మద్రాసు దంపతులు మూడో పూట నుంచి అదే సీసా అడిగి తీసుకొన్నారు.

మొదటి ఉదయం టిఫిను తరువాత లిఫ్టులో పైకి వెళ్ళాం. తలుపు తెరుచుకొంది. ఆమె నా చెయ్యి పట్టుకోకుండా డెక్కు నడుమదాకా నడిచింది. అక్కడ నిలబడి, కుడివైపు మొదలుపెట్టి, నెమ్మదిగా, అడుగులో అడుగు వేస్తూ, మొదలుపెట్టిన చోటికి వచ్చేదాకా పూర్తిగా చుట్టూ తిరిగింది. చూపుడువేలూ బొటనవేలూ సుద్దముక్క పట్టినట్టు కలిసి ఉన్నాయి. ఎక్కడా గట్టు లేదు.

"పిల్లకాయలకి నేను తప్పు చెప్పలేదు" అన్నది. భోజనాల గంట కొట్టేదాకా అక్కడినుంచి రాలేదు.

ఈ ఒక్క మాట వినడానికి నేను ఏడవ నియమం తప్పాను. మళ్ళీ అవసరమైతే మళ్ళీ తప్పుతాను. పొగరని రాసుకొనేవారు రాసుకోవచ్చు.

ఇది జ్ఞాపకం మీద ఆధారపడి రాసినది. వయసు చేత పొరపాట్లు దొర్లి ఉండవచ్చు. అండమాను ఓడలో నాతోపాటు ఆ మెట్లు ఎక్కినవారు ఇంకా కొందరున్నారు. అవి అరవై నాలుగు కాకపోతే సరైన సంఖ్య తెలియజేయవలసింది. ఆ రోజు గదిలో ఉన్నవారెవరైనా, నాది కాక మరో చెయ్యి కూడా లేచిందని, నేనే చూడలేదని చెప్పగలిగితే, దానినీ దిద్దుకొంటాను. అన్నిటికంటే సంతోషంగా దిద్దుకొనే తప్పు అదే.