ఆమె భాష పేరు విని నవ్వాం

మొన్న మస్కట్ ఘుబ్రాలో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన ఇద్దరు ఆఫ్రికా ఆడపిల్లల మాటల్లో ‘ఇనువాలి’ అన్నది చెవిన పడింది. సిగ్గుతో నా తల దానంతటదే వంగిపోయింది.

ఈ ఊళ్లో నేను నర్సుగా చేరిన కొత్తలో సంగతి. మా వార్డు తుడవడానికి గినీ దేశం నుంచి వచ్చిన ఒకామె ఉండేది. నాకన్నా పదేళ్లు పెద్దదైనా నన్ను సిస్టర్ అనే పిలిచేది. ఒకనాడు టీ తాగుతూ మీది ఏ భాష అని అడిగితే, తాము సుసు జనమని, భాష కూడా సుసుయేనని మురిసిపోతూ చెప్పింది. హిందీలో ఆ మాటకు చిన్నపిల్లలు పోసే ఉచ్చ అని అర్థం కదా, నా గోదావరి యాసను తోటివాళ్లు వెక్కిరిస్తే చిన్నబుచ్చుకునే నేనే అందరికన్నా ముందు పకపకా నవ్వాను. అంతటితో ఊరుకున్నానా, బెడ్‌పాన్ తీయాల్సి వచ్చినప్పుడల్లా ‘సుసు’ అనే కేకేసేదాన్ని. ఆ పిలుపు వార్డంతా పాకింది. దాని అర్థం ఎవరో చెప్పిన నాటి నుంచి, ఆమె మా ఎదుట ఫోనులో తన పిల్లలతో కూడా ఆ భాష మాట్లాడటం మానేసింది.

కొన్నాళ్లకు ఖురియాత్‌లో ఇంటిపని చేసే గినీ పిల్లను ఒళ్లు కాలే జ్వరంతో తీసుకొచ్చారు. సూది చూడగానే చేతులు అడ్డం పెట్టి ఏదో అరుస్తోంది, ఎవరికీ అర్థం కాదు. మొండిఘటమని కసిరి, ఇద్దరిని పట్టుకోమన్నాను కూడా. అంతలో ఆ పిల్లదీ మా వార్డు తుడిచే ఆమెదీ ఒకటే దేశమని గుర్తొచ్చి, వరండా తుడుస్తున్న ఆమె దగ్గరికి వెళ్లాను.

“మాఫీ మాలూమ్, సిస్టర్,” అంది, నా ముఖం చూడకుండా. తెలియదట.

ఎందుకు తెలియదంటోందో నాకు తెలుసు. అయినా క్షమించమనడానికి నోరు రాలేదు, ఒక్కసారి రమ్మని మాత్రం బతిమాలాను. తుడుపుకర్ర గోడకు ఆనించి వచ్చి, ఆ పిల్ల తల నిమురుతూ తమ భాషలో మాట్లాడింది. ఆ పిల్ల చిన్నప్పుడు ఇలాంటి సూదికే ఊపిరాడక చావబోయిందట. డాక్టరుగారు వెంటనే మందు మార్చారు. తెల్లారేసరికి తేరుకున్న ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ‘ఇనువాలి’ అంది.

“నీకే థాంక్స్ చెప్తోంది, సిస్టర్,” అని ఆమె హిందీలో చెప్పి, బకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

రేపు క్షమాపణ అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటుండగానే ఆమె కాంట్రాక్టు ముగిసింది. ఇప్పుడు మా వార్డులో ఫోను ముందు పెడితే రోగి చెప్పేది తర్జుమా అయి చాలావరకు తెలిసిపోతుంది, భాష కోసం ఎవరినీ బతిమాలే పని లేదు. క్షమాపణకు మాత్రం ఆ మనిషే కావాలి. ఎలా వెతకను? రెండేళ్లు కలిసి పనిచేసి, కన్నవాళ్లు ఆమెకు పెట్టిన పేరేమిటో ఒక్కసారీ అడగలేదు.